కాసెట్ మీద యాభై ఆటలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి. 1982లో బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ తెచ్చిన, టీవీకి తగిలించి కాసెట్ నుంచి ఆటలు ఎక్కించుకునే చిన్న ఇంటి కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, తర్వాత మన దేశంలో డెసిబెల్స్ కంపెనీ ‘డీబీ స్పెక్ట్రమ్’ పేరుతో అమ్మిన దాని తోబుట్టువు, వాటితో పాటు అటక మీద దొరికిన ‘50 ఆటలు’, ‘30 ఆటలు’ రకం కాసెట్లు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్ర: నాన్నగారి బీరువాలో డీబీ స్పెక్ట్రమ్, ఆటల కాసెట్ దొరికాయి. ఎలిమినేటర్ మాత్రం లేదు. ఇంట్లో ఉన్న 9 వోల్టుల అడాప్టర్ పెట్టేయొచ్చా? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జ: ఆగండి, పెట్టొద్దు. స్పెక్ట్రమ్‌కు 9 వోల్టుల డీసీ, 1.4 ఆంప్స్ కావాలి. ఈ అంకెలు కుదిరినా చాలదు. దీని పిన్ మధ్యలో మైనస్, బయటి గొట్టం ప్లస్. ఇప్పుడు బజార్లో దొరికే అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో ప్లస్ ఉంటుంది. తిరగేసి ఇస్తే లోపల మెమరీకి 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు తయారుచేసే చిన్న సర్క్యూట్‌లోని ట్రాన్సిస్టర్ పోతుంది, దాని వెంట మెమరీ చిప్‌లు కూడా పోవచ్చు. కొత్త అడాప్టర్ కొంటే 9 వోల్టులు, 2 ఆంప్స్ రెగ్యులేటెడ్ రకం తీసుకుని, పిన్ కోసి ప్లస్‌నూ మైనస్‌నూ తారుమారు చేసి అతికించండి. కంప్యూటర్‌కు తగిలించే ముందు మల్టీమీటర్‌తో చూడండి: ఎర్ర వైరు మధ్యలో, నల్ల వైరు బయట పెడితే అంకె ముందు మైనస్ గుర్తు కనిపించాలి.

పాత సింక్లెయిర్ ఎలిమినేటర్ దొరికినా కంగారుపడకండి. అది లోడ్ లేనప్పుడు 9కి బదులు 12, 13 వోల్టులు చూపిస్తుంది. అది లోపం కాదు, రెగ్యులేటర్ లేని ట్రాన్స్‌ఫార్మర్ తీరే అంత. ఆ అదనపు వోల్టేజీ అంతా లోపలి 7805 రెగ్యులేటర్ మీద వేడిగా తేలుతుంది. కీబోర్డు ఒక మూల వెచ్చబడేది అందుకే.

స్పెక్ట్రమ్‌కు ఆన్ ఆఫ్ స్విచ్ లేదు. వెనక ఉన్న వెడల్పాటి కనెక్టర్‌కు జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ లాంటివి తగిలించాలన్నా, తీయాలన్నా ముందు కరెంటు పిన్ లాగండి. కరెంటు ఉండగా పక్కకు కదిలిస్తే షార్ట్ అయి ప్రాసెసర్ పోయిన యంత్రాలకు లెక్కే లేదు.

ఆన్ చేయగానే తెర నల్లబడి, తెల్లబడి, కింద సింక్లెయిర్ పేరు, 1982 అన్న గీత రావాలి. రంగు గళ్లో, నిలువు చారలో వచ్చి ఆగిపోతే మొదటి 16కే (16 కిలోబైట్ల) మెమరీలోనో, దానికి వోల్టేజీ ఇచ్చే సర్క్యూట్‌లోనో లోపం. గీత సరిగ్గానే వచ్చి, కొన్ని ఆటలు మాత్రం ‘ఔట్ ఆఫ్ మెమరీ’ అని ఆగిపోతుంటే ఈ పరీక్ష చేయండి: 23733 అడ్రస్‌లో ఏముందో పీక్‌తో (మెమరీలోని అంకెను చూసే ఆజ్ఞ) ప్రింట్ చేయించండి. 255 వస్తే 48కే పూర్తిగా పనిచేస్తోంది. 127 వస్తే పై 32కే పోయింది, మీ యంత్రం 16కే యంత్రంలా నడుస్తోంది. పోయినంత మాత్రాన పారేయకండి. యాభై ఆటల కాసెట్లలో బేసిక్‌లో (యంత్రంలోనే ఉన్న ప్రోగ్రామింగ్ భాష) రాసిన చిన్న ఆటలు చాలావరకు 16కేలోనూ ఆడతాయి.

టీవీ విషయం. ఇది యూహెచ్‌ఎఫ్ 36వ చానల్ దగ్గర వస్తుంది. ఎనలాగ్ ట్యూనర్ ఉన్న టీవీలో ఆటో ట్యూనింగ్‌కు ఒక్కోసారి దొరకదు, చేత్తో వెతకాలి. ట్యూనర్ లేని టీవీకైతే ఇనుప డబ్బాలోని మాడ్యులేటర్‌ను పక్కకు తప్పించి, వీడియో వైరును 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా ఆర్‌సీఏ సాకెట్ మధ్య పిన్‌కు ఇస్తే మామూలు వీడియో ఇన్‌పుట్‌లో బొమ్మ వస్తుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో తిరిగిన అలవాటున్న మెకానిక్‌కు ఇది పది నిమిషాల పని.

ప్ర: కాసెట్ పెడితే తెర అంచుల్లో చారలు వస్తాయి, చివర్లో ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ అంటుంది. టేపు పోయినట్టేనా? (గుంటూరు)

జ: పదింట తొమ్మిదిసార్లు పోయినట్టు కాదు. చారలు చదవడం నేర్చుకుంటే తప్పు ఎక్కడుందో అవే చెబుతాయి.

జె కీ నొక్కితే లోడ్ అన్న మాట పడుతుంది. సింబల్ షిఫ్ట్ పట్టుకుని పీ రెండుసార్లు నొక్కితే రెండు కొటేషన్ గుర్తులు. తర్వాత ఎంటర్, ఆ తర్వాతే టేపు ప్లే. ముందుగా ఎరుపు, లేత నీలం వెడల్పాటి చారలు సుమారు 5 సెకన్లు నిదానంగా కదలాలి. ఇది పైలట్ ధ్వని, దాదాపు 800 హెర్ట్జ్ ఈల. వెంటనే నీలం, పసుపు సన్నని చారలు తటాలున మెరిసి ఆట పేరు తెర మీద పడుతుంది. చిన్న విరామం, మళ్లీ 2 సెకన్ల పైలట్, ఆ తర్వాత అసలు ప్రోగ్రామ్ సన్నని చారలుగా. ఒక్కో కిలోబైటుకు సుమారు 6 సెకన్లు పడుతుంది. అంటే 5 కిలోబైట్ల ఆటకు అర నిమిషం, యంత్రం నిండా ఉన్న ఆటకు 5 నిమిషాలు.

పైలట్ చారలే రాకపోతే ధ్వని చేరడం లేదు: వాల్యూమ్ తక్కువ, లేదా పిన్ తప్పు సాకెట్లో ఉంది. చారలు వచ్చి పేరు పడకపోతే మొదటి 17 బైట్ల పీఠిక చదవలేదు. అప్పుడు యంత్రం ఏ తప్పూ చెప్పదు, ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పేరు పడ్డాక ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ మధ్యలో ఎక్కడో ఒక్క బిట్ తప్పింది. స్పెక్ట్రమ్ మొత్తం ప్రోగ్రామ్‌కు చివర్లో ఒకే ఒక్క సరిచూపు బైటు పెడుతుంది కాబట్టి, నాలుగు నిమిషాలు బాగా వచ్చి చివర ఒక్క చోట జారినా మొదటి నుంచి మొదలెట్టాల్సిందే.

సరిచేసే వరుస ఇది. టోన్ లేదా ట్రెబుల్ నిండా పెంచండి, బాస్ తగ్గించండి, డాల్బీ ఉంటే ఆపండి. వాల్యూమ్ ముప్పావు దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా మార్చి చూడండి. మరీ పెంచినా తరంగం వికారమై చదవదు. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన దూదిపుల్లతో తుడవండి, రబ్బరు చక్రాన్నీ వదలకండి. లోడ్ చేసేటప్పుడు ఇయర్ వైరు ఒక్కటే, సేవ్ చేసేటప్పుడు మైక్ వైరు ఒక్కటే ఉంచండి. రెండూ ఉంచి సేవ్ చేస్తే ధ్వని చుట్టు తిరిగి రికార్డింగ్ పాడవుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే హెడ్ వాలు చూడాలి. ఆట రికార్డు చేసిన యంత్రం హెడ్ ఒక కోణంలో ఉంది, మీది ఇంకో కోణంలో ఉంది. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. ముందు దాని స్థానం మార్కర్‌తో గుర్తుపెట్టుకోండి. టేపు ఆడిస్తూ, స్పీకర్లో వింటూ, స్క్రూను సన్నసన్నగా తిప్పండి. గరగర శబ్దం చెవిలో గుచ్చుకునేంత పదునుగా వినిపించే చోట ఆపండి. చాలాసార్లు పావు చుట్టు లోపలే దొరుకుతుంది. పని అయ్యాక పాత గుర్తుకు తిప్పేయకపోతే ఘంటసాల కాసెట్లు ముక్కుతో పాడినట్టు ఉంటాయి, తర్వాత మమ్మల్ని అనొద్దు.

కోస్తా జిల్లాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. కాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు టేపు చుట్ట మీద తెల్లటి పొడి మచ్చలుంటే అది బూజు. దాన్ని నేరుగా ఆడిస్తే హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి కాసెట్‌కూ పాకుతుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, ఇందుకే వేరుగా ఉంచిన పాత టేప్ రికార్డర్లో రెండు మూడుసార్లు అటూ ఇటూ చుట్టండి. మెత్తటి పొడి గుడ్డను టేపుకు ఆనించి ఉంచితే పొడి దానికి పడుతుంది. కాసెట్ లోపలి స్పాంజి మెత్త ఊడిపోయి ఉంటే స్క్రూలున్న వేరే కాసెట్ పెట్టెలోకి రెండు చుట్టలనూ మార్చండి.

ప్ర: నాకు కావాల్సింది 37వ ఆట. దానికోసం ముప్పై ఆరు ఆటలు వినాలా? (హన్మకొండ)

జ: వినక్కర్లేదు, కానీ ఒకసారి ఓపిక పట్టి పట్టిక తయారు చేసుకోండి. టేపులో లేని పేరు ఏదైనా ఇచ్చి లోడ్ చేయించి, మొదటి నుంచి చివరి దాకా ఆడించండి. యంత్రం ఆ పేరు కోసం వెతుకుతూ దారిలో తగిలిన ప్రతి ప్రోగ్రామ్ పేరునూ తెర మీద రాస్తుంది, ఏదీ లోడ్ చేయదు. పేరు పడగానే టేప్ రికార్డర్ కౌంటర్ అంకె రాసుకోండి. ఆ అంకెలు ఆ రికార్డర్‌కే పనికొస్తాయి, ఇంకోదానిలో మారతాయి. పేరు ఇచ్చి లోడ్ చేసేటప్పుడు చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా, మధ్యలోని ఖాళీలతో సహా అచ్చంగా అలాగే ఉండాలి. పేరు పది అక్షరాలకు మించదు.

ప్ర: ఆటలు ఇంత నాసిరకంగా ఉన్నాయేంటి? మా అబ్బాయి రెండు నిమిషాల్లో వదిలేశాడు. (డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జ: మీ అబ్బాయి తీర్పు ఒప్పే. ఈ జాతికి పెద్ద పేరు 1983లో బ్రిటన్‌లో క్యాస్కేడ్ గేమ్స్ అమ్మిన ‘క్యాసెట్ 50’. పత్రికల్లో ప్రకటనలిచ్చి, కొన్నవారికి ఉచితంగా క్యాలిక్యులేటర్ వాచీ కూడా కట్టబెట్టారు. లోపల ఉన్నవి చాలావరకు బేసిక్‌లో రాసిన చిన్న ఆటలు. ఒక అక్షరం మీద నక్షత్రం గుర్తు పడితే పేలినట్టు లెక్క. దీని అపకీర్తి ఎంతటిదంటే, కావాలనే చెత్త ఆటలు రాసే పోటీ ఒకటి 1996లో స్పెక్ట్రమ్ అభిమానుల మధ్య మొదలైంది.

నాసిరకానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. బేసిక్‌లో స్పెక్ట్రమ్ ఏ పనీ లేని ఫర్ లూప్‌ను వెయ్యిసార్లు తిప్పడానికే నాలుగైదు సెకన్లు తీసుకుంటుంది. అదే యంత్రానికి దుకాణంలో విడిగా అమ్మిన మంచి ఆటలు ప్రాసెసర్ నేరుగా నడిపే మెషీన్ కోడ్‌లో రాసినవి, వందల రెట్లు వేగం. కానీ వాటిని విప్పి చదవడం కష్టం. బేసిక్ ఆటను ఆపి, లిస్ట్ అంటే లోపలిదంతా తెర మీద పరుచుకుంటుంది. మా లెక్కలో ఈ కాసెట్ల విలువ అక్కడ ఉంది, ఆడటంలో లేదు. మీ అబ్బాయిని ఆడమనకండి, బాగుచేయమనండి. చదవడానికి ఇంకా మంచివి కావాలంటే స్పెక్ట్రమ్‌తో పాటు ఉచితంగా వచ్చిన ‘హొరైజన్స్’ కాసెట్ చూడండి. అందులో గోడ పగలగొట్టే బంతి ఆట, నక్కలు కుందేళ్ల జనాభా లెక్క ఉన్నాయి.

ప్ర: బాగుచేయాలనే ఉంది. కానీ లోడ్ కాగానే ఆట మొదలైపోతుంది, బ్రేక్ నొక్కితే ఆగదు. వేగం ఎలా పెంచాలి? (హైదరాబాద్, కూకట్‌పల్లి)

జ: ముందు ఆపడం. క్యాప్స్ షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కితే బ్రేక్. స్పెక్ట్రమ్ ప్లస్‌లో, డీబీలో దానికి విడి కీ ఉంది. ఆట మీ జవాబు కోసం ఆగి ఉంటే బ్రేక్ పనిచేయదు. అక్కడ కొటేషన్ గుర్తులుంటే చెరిపేసి, సింబల్ షిఫ్ట్‌తో ఏ నొక్కి స్టాప్ ఇచ్చి ఎంటర్ కొట్టాలి. అప్పటికీ లొంగకపోతే లోడ్ బదులు మర్జ్ వాడండి. క్యాప్స్ షిఫ్ట్, సింబల్ షిఫ్ట్ రెండూ ఒకసారి కలిపి నొక్కి వదిలి, సింబల్ షిఫ్ట్ పట్టుకుని టీ నొక్కితే మర్జ్ వస్తుంది. మర్జ్‌తో వచ్చిన బేసిక్ ప్రోగ్రామ్ తనంతట తాను మొదలవదు. పొడవాటి ప్రోగ్రామ్‌కు చివర్లో కొంతసేపు బిగుసుకుపోయినట్టు ఉంటుంది, కంగారుపడి కరెంటు తీయకండి.

ఇక వేగం. మొదట ఖాళీ లూపులు వెతకండి: ఫర్ నుంచి వెంటనే నెక్స్ట్, మధ్యలో ఏమీ లేనివి. అవి కావాలని పెట్టిన ఆలస్యాలు. 100 చుట్లు అంటే దాదాపు అర సెకను. తీసేయండి లేదా 20కి దించండి. పాజ్ ఉంటే దాని అంకె సెకనులో 50వ వంతుల్లో లెక్క. బీప్ మరో దొంగ. అది మోగుతున్నంతసేపూ ఆట మొత్తం ఆగుతుంది. 0.1 ఉన్న చోట 0.005 చేయండి, టిక్ అని వినపడుతుంది, ఆట ఆగదు.

తర్వాత ప్రోగ్రామ్ అమరిక. గో టు, గో సబ్ వచ్చిన ప్రతిసారీ యంత్రం ఆ లైన్ నంబరును మొదటి లైన్ నుంచి వెతుక్కుంటూ వస్తుంది. ఆట అసలు చక్రం 800వ లైన్లో ఉండి, దానికి ముందు 60 లైన్ల సూచనలు, అలంకారం ఉంటే ప్రతి చుట్టులోనూ వాటన్నిటి మీదుగా నడవాలి. కాబట్టి చక్రాన్ని 10, 20 లైన్లకు తెచ్చి, సూచనలను, గ్రాఫిక్స్ తయారీని చివరకు, 9000 దగ్గరకు నెట్టండి. మొదటి లైన్లో అక్కడికి ఒక్కసారి గో సబ్ చేస్తే చాలు.

పాత పత్రికల్లో ‘అంకెలకు బదులు వాల్ (కొటేషన్లలో రాసినదాన్ని అంకెగా మార్చే ఫంక్షన్) వాడండి’ అన్న చిట్కా కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో రాసిన ప్రతి అంకె వెనకా కనపడని ఒక గుర్తు, 5 బైట్లు ఉంటాయి. 10 అని రాస్తే 8 బైట్లు, వాల్‌తో కొటేషన్లలో రాస్తే 5. అంటే జాగా కలిసొస్తుంది, కానీ వేగం ఇంకా తగ్గుతుంది. 16కే యంత్రంలో జాగా చాలని వారికి ఉద్దేశించిన చిట్కా అది. మీకు 48కే ఉంటే దాని జోలికి పోవద్దు, పైగా చక్రంలో వాల్ కనిపిస్తే మళ్లీ అంకెగా మార్చండి.

ప్ర: పత్రికలో చూసి టైపు చేసిన ఆటలో కీలు పనిచేయడం లేదు. అక్షరం అక్షరం సరిచూశాను. (విజయవాడ)

జ: మీ ఉత్తరంలోని లిస్టింగ్ చూశాం, టైపింగ్ తప్పు లేదు. అందులో కీబోర్డులో ఒక వరుస కీల స్థితి చెప్పే 64510 పోర్టును ఇన్ ఆజ్ఞతో చదివి, 255 కాకపోతే కీ నొక్కినట్టు లెక్కవేస్తున్నారు. స్పెక్ట్రమ్ లోపలి బోర్డు చాలా కూర్పుల్లో వచ్చింది: ఇష్యూ 2 బోర్డులో ఏ కీ నొక్కకపోతే 255 వస్తుంది, ఇష్యూ 3 నుంచి 191 వస్తుంది. ఆ ఆట రాసినవారి దగ్గర పాత బోర్డు ఉంది, అంతే. కింది అయిదు బిట్లే కీలవి, పై మూడింటిని వదిలేయాలి. బేసిక్‌లో తేలిక దారి: చదివిన విలువను 32తో భాగించి శేషం తీసుకోండి. 31 అయితే ఏ కీ నొక్కలేదు, క్యూ నొక్కితే 30, డబ్ల్యూ నొక్కితే 29. ఇది రెండు బోర్డుల్లోనూ ఒకేలా పనిచేస్తుంది.

నొక్కిన కీ ఏదో చెప్పే ఇన్‌కీ వాడిన ఆటల్లో కీలు పలకకపోతే క్యాప్స్ లాక్ చూడండి. చిన్న పీ కోసం చూస్తున్న ఆటకు పెద్ద పీ కనిపించదు. 23658 అడ్రస్‌లోకి 0 పోక్ చేస్తే (అంటే రాస్తే) చిన్న అక్షరాలు, 8 చేస్తే పెద్దవి. ఒక వరుసలో సగం కీలు, అంటే 1 నుంచి 5, లేదా ఏ నుంచి జీ, ఒక్కసారే చచ్చిపోయి ఉంటే తప్పు ప్రోగ్రామ్‌ది కాదు. కీల కింది ప్లాస్టిక్ మెంబ్రేన్ తోక విరిగింది. అతికించడం వృథా, కొత్త మెంబ్రేన్లు తయారుచేసి అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ప్ర: సొంతంగా ఒక ఆట రాయాలి. పది లైన్లలో అయ్యేది చెప్పండి. (తొమ్మిదో తరగతి విద్యార్థిని, కర్నూలు)

జ: రాళ్ల మధ్య జారుతూ పోయే ఆట రాద్దాం తల్లీ. స్పెక్ట్రమ్‌లో తెరను పైకి జరపడం తేలిక, కిందికి జరపడం కష్టం. అందుకే నీ బొమ్మ పైన 8వ వరుసలో ఉంటుంది, రాళ్లు కింద పుట్టి పైకి వస్తాయి. చూసేవాళ్లకు నువ్వే కిందికి జారుతున్నట్టు అనిపిస్తుంది.

మొదటి లైన్లో రాండమైజ్ ఒక్కటే. ఇది మరిచిపోతే యంత్రం ఆన్ చేసిన ప్రతిసారీ రాళ్లు అవే చోట్ల వస్తాయి. రెండో లైన్లో బోర్డర్ 0, పేపర్ 0, ఇంక్ 7, తెర తుడుపు. మూడో లైన్లో ఎక్స్‌ను 15 చేయి, స్కోరు ఎస్‌ను 0 చేయి.

నాలుగో లైన్ నుంచి చక్రం. 21వ వరుసలో, ర్యాండమ్‌ను 32తో గుణించి పూర్ణాంకం తీసుకున్న నిలువులో, ఇంక్ 2తో నక్షత్రం గుర్తు ముద్రించు. అయిదో లైన్లో యూఎస్‌ఆర్ 3582 (ఆ అడ్రస్‌లోని మెషీన్ కోడ్‌ను నడిపే ఆజ్ఞ) విలువను జెడ్‌లోకి తీసుకో. ఆ విలువతో మనకు పని లేదు, ఆ అడ్రస్‌లో యంత్రంతోనే వచ్చిన రోమ్ కోడ్ తెరను ఒక వరుస పైకి జరుపుతుంది, అదీ మనకు కావాల్సింది. ఆరో లైన్లో ఎక్స్‌కు, పీ నొక్కి ఉండి ఎక్స్ 31 కంటే తక్కువైతే 1 కలుపు. ఓ నొక్కి ఉండి ఎక్స్ 0 కంటే ఎక్కువైతే 1 తీసేయి. హద్దులు పెట్టకపోతే 31 దాటగానే ‘ఇంటీజర్ ఔట్ ఆఫ్ రేంజ్’ అని ఆట ఆగుతుంది.

ఏడో లైన్ ఈ ఆటకు గుండె. 8వ వరుసలో ఎక్స్ దగ్గర రంగు ఏముందో అట్రిబ్యూట్ ఫంక్షన్‌తో అడుగు. నల్ల పేపర్ మీద ఎర్ర ఇంక్ విలువ 2. అది వస్తే రాయి తగిలినట్టే, ముగింపు లైనుకు వెళ్లు. విలువ కట్టే సూత్రం: ఇంక్, దానికి పేపర్ 8 రెట్లు, బ్రైట్ ఉంటే 64, ఫ్లాష్ ఉంటే 128. ఎనిమిదో లైన్లో అక్కడ ఇంక్ 6తో వీ అక్షరం ముద్రించు. తొమ్మిదో లైన్లో ఎస్‌కు 1 కలిపి నాలుగో లైనుకు గో టు. పదో లైన్లో ఒక బీప్, స్కోరు.

వరుస మార్చకు. ముందు వీ ముద్రించి తర్వాత రంగు అడిగితే ఎప్పుడూ నీ పసుపు రంగే కనిపిస్తుంది, రాయి ఎప్పటికీ తగలదు. పాత వీ గుర్తులను చెరపక్కర్లేదు, అవి పైకి జరుగుతూ జారిన జాడలా ఉంటాయి. స్కోరును చక్రంలో ముద్రించొద్దు: ఆట నెమ్మదిస్తుంది, పైగా అంకెలు కూడా తెరతో పాటు ఎగిరిపోతాయి. ఎస్ 200 దాటాక నాలుగో లైనును రెండుసార్లు చేయిస్తే రాళ్లు రెట్టింపవుతాయి.

తగిలిందో లేదో చూడటానికి స్క్రీన్ డాలర్ అనే ఫంక్షన్ కూడా ఉంది, చాలా పుస్తకాల్లో అదే వాడతారు. నువ్వు నీ సొంత బొమ్మలు గీసుకున్న రోజున అది మొరాయిస్తుంది. సొంత బొమ్మల అక్షరాలను అది గుర్తించదు, ఖాళీ ఇస్తుంది. అందుకే రంగు అడగడం మంచి అలవాటు.

అయ్యాక లైన్ 1 జతచేసి సేవ్ చేస్తే లోడ్ కాగానే మొదలవుతుంది. రెండుసార్లు సేవ్ చేసి, వెరిఫై చేసే దాకా కరెంటు తీయకు. టేపు పొట్టిదైతే మేలు. సీ-90, సీ-120 టేపులు పలచన, సాగుతాయి.

ప్ర: ఆ ఆటల్లో తెలుగు అక్షరాలు చూపించొచ్చా? (తెనాలి)

జ: చూపించొచ్చు, కొద్దిగా. సొంత బొమ్మల అక్షరాలు 21, ఒక్కొక్కటి 8 చుక్కలు అడ్డం, 8 నిలువు. గుడి, వత్తు ఉన్న తెలుగు అక్షరం ఆ గడిలో పట్టదు. అడ్డం రెండు, నిలువు రెండు గడులు కలిపితే చదవగలిగేలా వస్తుంది. అలాగైతే 21లో 5 అక్షరాలే.

ఇంకా కావాలంటే యంత్రం అక్షరాల పట్టికనే మార్చాలి. క్లియర్ 63999 చేసి, 64000 నుంచి 768 బైట్లలో 96 గడుల బొమ్మలు పోక్ చేయండి. 23606లో 0, 23607లో 249 పెడితే ప్రింట్ చేసే మామూలు అక్షరాల బదులు మీవి వస్తాయి. నాలుగేసి గడులకు 24 తెలుగు అక్షరాలు. ‘ఆట ముగిసింది’, ‘స్కోరు’ లాంటి మాటలకు సరిపోతాయి. 249 ఎందుకంటే పట్టిక అడ్రస్‌లోంచి 256 తీసేసి పెట్టాలి: 63744, దాన్ని 256తో భాగిస్తే 249. మళ్లీ ఇంగ్లీషుకు 23607లో 60. ఇది మధ్యలో ఆపి లిస్ట్ చేస్తే ప్రోగ్రామంతా తెలుగు ముక్కల్లో కనిపించి గాభరా పెడుతుంది, 60 గుర్తుంచుకోండి.

ప్ర: బొమ్మ గోడ పక్కకు వెళ్తే గోడ రంగు కూడా మారుతోంది. టీవీ లోపమా? (నెల్లూరు)

జ: కాదు. చుక్కలు 256 అడ్డం, 192 నిలువు ఉన్నా, రంగు మాత్రం 8 చుక్కల గడికి ఒక ఇంక్, ఒక పేపర్ చొప్పునే. 6144 బైట్లు చుక్కలకు, 768 బైట్లు రంగులకు. జాగా పొదుపు కోసం చేసిన బేరం అది, ఏ టీవీ మార్చినా పోదు.

ప్ర: మా స్కూలు స్టోర్‌రూమ్‌లో పాత బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఉన్నాయి. టేపు ఆటలు ఎక్కడం లేదు. (ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

జ: బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం కింద వచ్చినవి అయ్యుంటాయి మాస్టారూ. ముందుగా, కరెంటు పెట్టకండి. వాటి పవర్ సప్లైలో పసుపు పచ్చగా, పారదర్శకంగా ఉండే కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్ల తరబడి తేమ పీల్చి పగిలి ఉంటాయి, ఆన్ చేసిన పది నిమిషాల్లో గది నిండా పొగ, కంపు. 0.1, 0.01 మైక్రోఫారడ్, ఎక్స్2 తరగతి కొత్తవి వేయించండి. మెయిన్స్ వోల్టేజీ తగిలే చోటు కాబట్టి తెలిసిన మెకానిక్‌తోనే.

ఆటలు ఎక్కకపోవడానికి మా అనుమానం డిస్క్ ఇంటర్‌ఫేస్ మీద. అది లేని యంత్రంలో బేసిక్ ప్రోగ్రామ్ 3584 నుంచి మొదలవుతుంది, ఉంటే 6400 నుంచి. 32కే యంత్రంలో దాదాపు మూడు కిలోబైట్లు పోయినట్టే, తెరకే 20 కిలోబైట్లు తీసుకునే ఆటకు ఇక చోటుండదు. స్టార్ గుర్తుతో టేప్ ఆజ్ఞ ఇచ్చి, పేజ్‌ను (ప్రోగ్రామ్ మొదలయ్యే అడ్రస్) 3584కు మార్చి, న్యూ కొట్టి, అప్పుడు చెయిన్‌తో లోడ్ చేయండి. ఒక ఊరట ఉంది. బీబీసీ టేపును 256 బైట్ల ముక్కలుగా చదువుతుంది. ‘డేటా?’ అని అడిగితే కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ ఆడిస్తే చాలు, ఆ ముక్క నుంచే అందుకుంటుంది. స్పెక్ట్రమ్ వాళ్లకు ఈ భాగ్యం లేదు.

ప్ర: కాసెట్లు పూర్తిగా పాడవక ముందే కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఎంపీ3 చేస్తే సరిపోతుందా? (బెంగళూరు)

జ: ఎంపీ3 వద్దు. పాట కోసం చెవికి వినపడని వివరాలను అది తీసేస్తుంది, టేపు ఆటకు తరంగం అంచులే ప్రాణం. వేవ్ ఫైల్‌గా, మోనో, 44,100 హెర్ట్జ్, 16 బిట్‌లో రికార్డు చేయండి. శబ్దం ఎక్కడా పైకప్పుకు తగలకుండా స్థాయి పెట్టండి. ఒక్కో వైపు మొత్తం ఒకే ఫైల్‌గా తీసుకుని, తర్వాత టాప్ లేదా టీజెడ్‌ఎక్స్ రూపంలోకి (టేపు ఆటలను దాచే ఫైల్ రకాలు) మార్చుకోండి. మామూలుగా సేవ్ చేసిన బేసిక్ ఆటలకు టాప్ చాలు. వేగంగా లోడయ్యే రక్షణ ఉన్న ఆటలకే టీజెడ్‌ఎక్స్ తప్పనిసరి. ఫ్యూజ్ లాంటి ఎమ్యులేటర్లో (నేటి కంప్యూటర్లో స్పెక్ట్రమ్‌ను అనుకరించే ప్రోగ్రామ్) ఒక్కో ఆటా మొదలవుతుందో లేదో చూసే దాకా అసలు కాసెట్‌ను పక్కన పెట్టకండి. మూల వేవ్ ఫైల్‌ను కూడా చెరపొద్దు.

ఆ ఫైళ్లను ఫోన్ నుంచి తిరిగి అసలు స్పెక్ట్రమ్‌లోకి ఎక్కించొచ్చు. ఫోన్ స్టీరియో పిన్, స్పెక్ట్రమ్ మోనో సాకెట్, కాబట్టి స్టీరియో నుంచి మోనోకు మార్చే వైరు వాడాలి. వాల్యూమ్ నిండా పెట్టి, ఈక్వలైజర్ ఆపి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. ఆట సగం ఎక్కాక వాట్సాప్ టింగ్‌మంటే ఆ టింగ్ కూడా ప్రోగ్రామ్‌లో కలిసిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.